మాణిక్యక్క ఎండబెట్టిన సీసాలు

కొత్త సీసాల పెట్టె విప్పగానే నేను చేసే మొదటి పని మూతలు వాసన చూడడం. రాయచోటిలో నాకో చిన్న పచ్చళ్ళ షెడ్డు ఉంది. అక్కడ నాతో పనిచేసే ఆడవాళ్ళకు ఇదొక వేడుక. "అందరూ పచ్చడి వాసన చూస్తారు, ఈయమ్మేందో మూతలు వాసన చూస్తాది" అని వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటారు. నవ్వనీ. మూతలోని రబ్బరు వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నేను ఖతార్‌లో, అల్ ఘర్రాఫాలోని ఒక విల్లా మిద్దె మీద నిలబడి ఉంటాను. నా ముందు సీసాలు వరసగా ఎండలో ఉంటాయి. కింద వంటింట్లోంచి మాణిక్యక్క "రెడ్డెమ్మా" అని నా పేరు పెట్టి కేకేస్తూ ఉంటుంది.

మాణిక్యక్కది పశ్చిమ గోదావరి. ఆ ఇంట్లో వంట ఆమెది. ఊడ్చడం, తోమడం, ఇస్త్రీ నావి. తొంభైల నడిమధ్యలో నేను అక్కడికి చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. అరబ్బీ ఒక్క ముక్క రాదు, కరెంటు ఇస్త్రీపెట్టె ముట్టుకున్నది లేదు. మొదటి వారంలోనే ఇంటి యజమాని తొడుక్కునే తెల్లటి పొడుగు అంగీ, తోబు మీద గోధుమరంగు మచ్చ పెట్టాను. ఇంకేముంది, మరుసటి విమానంలో ఇంటికి పంపించేస్తారని మూల కూర్చుని ఏడుస్తుంటే మాణిక్యక్క వచ్చి తోబు లాక్కుంది.

"ఏడిత్తే మచ్చ పోద్దంటే చెప్పవే, నేనూ పక్కన కూకుని ఏడుత్తాను. లేదంటే లేచి నిమ్మకాయ పట్టుకురా" అంది.

నిమ్మరసం రుద్ది, తడిపి, ఎండలో వేసి, మళ్ళీ రుద్ది, సాయంత్రానికి మచ్చ కనబడకుండా చేసింది. నాకు ధైర్యం చెప్పలేదు, జాలి కూడా పడలేదు. ఆమె పద్ధతే అంత. ఒక పని చేతికిచ్చేది, తప్పు చేస్తే వెక్కిరించేది, సరిగ్గా చేస్తే చూడనట్టు వెళ్ళిపోయేది. ఆమె చూడనట్టు వెళ్ళిపోయిన రోజు నాకు పండగ.

ఆమె నాలుగేళ్ళుగా ఇంటికి పోలేదు. రెండేళ్ళకొకసారి సెలవు అన్న మాట ఉన్నా, వంటింటికి ఇంకో మనిషి దొరకలేదని వాయిదా పడుతూ వచ్చింది. అప్పట్లో ఉత్తరాలకు బదులు మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపుకునేవాళ్ళం. ఊరికి పోయి వచ్చేవాళ్ళు వాటిని సంచిలో వేసుకుని తెచ్చేవారు. అలా వచ్చిన ఒక క్యాసెట్‌లో ఆమె కూతురు మాట్లాడింది. రెండేళ్ళ పిల్లగా వదిలి వచ్చిన బిడ్డకు అప్పుడు ఆరేళ్ళు. రెండు పద్యాలు అప్పజెప్పి, చివర్లో అడిగింది. "అమ్మా, నువ్వు పొడుగ్గా ఉంటావా, పొట్టిగా ఉంటావా?" మాణిక్యక్క టేపు ఆపేసి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి చూస్తే, ఇంకా ఒక్క ఉల్లిపాయ కూడా కోయకుండానే ఆమె కళ్ళనిండా నీళ్ళు.

ఆ వారమే ఆమె ఇంటి యజమానురాలు మేడమ్ దగ్గరికి పోయి సెలవు గట్టిగా అడిగింది. మేడమ్ చెడ్డమనిషి కాదు, కానీ నలుగురు పిల్లలూ, వచ్చేపోయే చుట్టాలూ ఉన్న ఇల్లు. "రెడ్డెమ్మ ఒక్కతే వంటిల్లు చూసుకోగలదని నాకు నమ్మకం కుదిరిన రోజు నువ్వు వెళ్ళు" అంది. ఆ రోజు నుంచి నేను ఆమె సెలవు చీటీని.

సరిగ్గా అప్పుడే ఆ పీపా దిగింది. మేడమ్ పెద్దకొడుకు కెనడాలో చదువుకునేవాడు. తమ్ముళ్ళు పొద్దున పూట తినే అట్ల మీద పోసుకుంటారని మేపుల్ సిరప్ పంపాడు. ఎవరైనా అయితే రెండు డబ్బాలు పంపుతారు. ఆ మహానుభావుడు నా మోకాలెత్తు స్టీలు పీపా ఓడలో ఎక్కించాడు. మేడమ్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఇది చలికాలమంతా రావాలి, బూజు పట్టకూడదు, దీన్ని సర్దే బాధ్యత రెడ్డెమ్మది అని చెప్పి వెళ్ళిపోయింది. అది నా పరీక్ష అని ముగ్గురికీ తెలుసు.

మాణిక్యక్క వేలితో ఒక బొట్టు నాకి చూసింది. "ఇది చెట్టు నీళ్ళు కాచిన పాకమేనే. మా అత్తోరింట తాటి నీరా ఇలాగే కాచేవోరు. దేశం మారితే మాత్రం పాకం మారుద్దా" అని, పీపా మూత తీసిన రోజే మొత్తం సర్దేయాలనీ, తీసి ఉంచితే గాలి తగిలి చెడుతుందనీ చెప్పింది. మరి ఎందులో సర్దాలి? డ్రైవరు ఇండస్ట్రియల్ ఏరియాకు పోయి నీలం రంగు ప్లాస్టిక్ క్యాన్లు నాలుగు తెచ్చాడు. ఆమె ఒకదాని మూత తీసి ముక్కు పెట్టి, వెనక్కి పంపించేసింది. వాటిలో ఇంతకుముందు సబ్బునీళ్ళు ఉన్నాయట. నేను పెద్ద అల్యూమినియం డేగిసా చూపించాను.

"అదొక్కటైతే రోజూ మూత తీయాలి గదా. రోజూ మూత తీసేదాన్ని దాయడం అంటారా? చిన్నయి కావాలి. ఒకటి తీత్తే మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, మిగతాయి కదలకూడదు. గాజైతే లోపల ఏముందో కనబడతాది, వాసన పట్టదు."

"అట్లయితే ఏ గాజు సీసా అయినా ఒకటే కదక్కా."

"సీసా వాసన పట్టదు గానీ, మూత పడతాది పిచ్చిదానా. రబ్బరు దొంగది. కడిగితే పోయినట్టే ఉంటాది, వేడి తగిలితే బయటికొత్తాది."

మేడమ్ సూక్ బజారులో ఇరవై నాలుగు కొత్త సీసాలు కొంది. ఇంకో పన్నెండు కావాల్సి వచ్చి, స్టోర్ గదిలో నిమ్మకాయ ఊరగాయ పోసిన పాత సీసాలు తీశాం. వాటికి మాణిక్యక్క పెట్టిన పరీక్ష ఇది. సీసా శుభ్రంగా తోమి, వేడినీళ్ళు పోసి, మూత బిగించి, మిద్దె మీద పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండలో పెట్టాలి. అసర్ నమాజు పిలుపు వినబడ్డాక ఒక్కొక్క మూతా తీసి వాసన చూడాలి. "మొదటి ఊపిరే నిజం చెప్తాది. రెండోదానికి ముక్కు అలవాటు పడిపోద్ది" అని హెచ్చరించింది.

ఆ సాయంత్రం కింద విందు ఉండి ఆమె పైకి రాలేకపోయింది. నేనొక్కదాన్నే మూతలు తీశాను. ఆరింటిలో ఏమీ లేదు. మిగిలిన ఆరింటిలో మొదటి ఊపిరికే నిమ్మకాయ, కారం. సందేహమే లేదు. పక్కన పెట్టి, ఇంకో ఆరు కొనమని చెప్తే అయిపోయేది. నేను మూతలు మళ్ళీ బిగించాను. పిల్లల అట్ల మీద ఊరగాయ వాసన వస్తే మేడమ్ ఏమంటుందో నాకు తెలుసు. రెడ్డెమ్మకు ఇంకా పని రాలేదంటుంది. మాణిక్యక్క సెలవు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది. పోనీ అనుకున్నాను. ఎంత నీచమో తెలిసే అనుకున్నాను. ఆమె లేని ఆ ఇంట్లో ఒక్క రోజు కూడా నన్ను నేను ఊహించుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున పాకం పొగలు వచ్చేదాకా వేడిచేసి, సీసాల అంచుదాకా పోశాం. "పైన ఖాళీ ఒగ్గేవంటే బూజుకి ఇల్లు కట్టిచ్చినట్టే" అంటూ ఆమె ప్రతి సీసా మూత బిగించి, తువ్వాలు మీద పక్కకు పడుకోబెట్టింది. వేడి పాకం మూత లోపలికి కూడా తగిలి, అక్కడేమైనా ఉంటే చచ్చిపోవాలట. చల్లారాక నేను స్టోర్ గది అరల్లో సర్దాను. ఆ ఆరింటినీ మాణిక్యక్క కంట పడకుండా అన్నిటికంటే వెనక పెట్టాను. శుక్రవారం మేడమ్ వచ్చి, వెనక వరసలోంచి కూడా తీసి చూస్తానంది.

బుధవారం నేను స్టోర్‌లోకి వెళితే, ఆ ఆరు సీసాలూ ముందు వరసలో ఉన్నాయి. మాణిక్యక్క బియ్యం ఏరుతోంది. తలెత్తకుండా ఏరుతూనే ఉంది. అడిగి ఉంటే అబద్ధం చెప్పేదాన్నేమో.

"అక్కా, ఆ ఆరూ నేను తెలిసే పెట్టినా."

"తెలుసు."

"మూత తీయకుండా ఎట్ల తెలిసె?"

"సీసాలు చూసి కాదే, నిన్ను చూసి. మిగతా ముప్పయ్యీ అద్దంలా తుడిచి పెట్టేవు. వాటి మీద మాత్రం కారిన పాకం కూడా తుడవలేదు. ఎందుకు చేసేవు?"

"నువ్వు పోతే నేనొక్కదాన్ని ఈడ ఎట్ల ఉండేదక్కా" అన్నాను. అంతే, ఇక ఏడుపు ఆగలేదు.

ఆమె చేట కింద పెట్టింది. కొట్టినా బాగుండేది. "నా బిడ్డకి నేను పొడుగో పొట్టో తెలవదే" అంది, చాలా మెల్లగా. మళ్ళీ చేట అందుకుంది. "మేడమ్‌కి నేను చెప్పను. నువ్వు చెప్పకుండా ఊరుకున్నా నిన్నేమీ అనను. ఇది నీ వంటిల్లు, నువ్వే చూసుకో."

నా వంటిల్లు అంది. తను ఇంటికి పోయే దారి మీద నేను అడ్డంగా పడుకున్నానని తెలిశాక అన్న మాట అది. నేను ఆ ఆరింట్లో ఒక సీసా తీసుకుని మేడమ్ గదికి వెళ్ళాను. నాకొచ్చిన నాలుగు ముక్కల అరబ్బీలో, ఇది ఖర్బాన్, చెడిపోయింది, ఇలాంటివి ఆరు ఉన్నాయి, తెలిసే పోశాను, తప్పు నాది, మాణిక్యానిది మాఫీ, అంటే కాదు, అని చెప్పాను. మేడమ్ మూత తీసి వాసన చూసి ముఖం చిట్లించింది. తెలిసీ ఎందుకు పోశావని అడిగింది. మాణిక్యం ఇంటికి పోకూడదని పోశాను అన్నాను. తిడుతుందనుకున్నాను. "ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా ఏదీ దాచకు" అని, స్టోర్ గది తాళంచెవి నా చేతిలో పెట్టింది. పది రోజులకు టికెట్ వచ్చింది.

వెళ్ళే రోజు మాణిక్యక్క నన్ను దగ్గరకు తీసుకుని ముద్దాడలేదు. గ్యాసు సిలిండరు ఎప్పుడు మారుతుందో, ఏ పిల్లాడు కొత్తిమీర తినడో గుమ్మం దాకా చెబుతూనే ఉంది. కారెక్కాక అద్దం దించి, "భయమేస్తే గట్టిగా గిన్నెలు తోము, భయం ఆ చప్పుడికి పోద్ది" అంది. ఆరు నెలల్లో తిరిగి రాకపోతే వీసా పోతుంది. ఆమె రాలేదు. రానందుకు నాకు సంతోషం కలగడానికి ఏడాది పట్టింది. నేను ఆ వంటింట్లో ఇంకో ఆరేళ్ళు ఒక్కదాన్నే ఉన్నాను, గిన్నెలు బాగానే తోమాను.

సీసాల సంగతి ఆమె నేర్పిందని అందరికీ గర్వంగా చెప్పుకుంటాను. ఆ ఆరు సీసాల సంగతి మాత్రం ఇదే మొదటిసారి చెప్పడం. నా మనుషులు నా దగ్గరే ఉండాలనే ఆశ నాలో చావలేదు. నేను దాన్ని గుర్తుపట్టడం మాత్రం నేర్చుకున్నాను. మొన్న మామిడికాయ పనులు మంచి ఊపు మీద ఉండగా షెడ్డులో పనిచేసే లక్ష్మి వచ్చి, చెల్లెలికి కాన్పు అయింది, పది రోజులు పోయొస్తానంది. నా నోటి దాకా వంద సాకులు వచ్చాయి. అన్నీ నిజమైన సాకులే. వాటిని మింగేసి, పదిహేను రోజులు ఉండి రా అన్నాను. అబద్ధమెందుకు, ఆ రోజంతా ఆ పిల్ల మీద కోపంగానే ఉన్నాను. బస్సు చార్జీకి ఉందా అని మాత్రం రెండుసార్లు అడిగాను.