పేరు దాచాం, గొంతు వదిలేశాం

నేను రాసిన కోడ్ వల్ల ఒక మనిషి చేయి విరిగింది. ఈ మాట అన్నప్పుడల్లా స్నేహితులు "విరగ్గొట్టినోడు వాడు, నువ్వు కాదు కదా" అంటారు. నిజమే. కానీ ఎవరి చేయి విరగ్గొట్టాలో వాడికి చూపించింది నేను.

మాది వేంపల్లె. బెంగళూరులో కొన్నేళ్లు వేరేవాళ్ల కంపెనీల్లో వెబ్‌సైట్లూ యాప్‌లూ రాశాక, కర్నూలుకు వచ్చి, కాలేజీలో నాతో చదివిన మిత్రుడితో కలిసి సొంత కంపెనీ పెట్టాను. కంపెనీ అంటే టైర్ల షాపు మీద ఒక గది, రెండు బల్లలు, ఒక ఇన్వర్టర్. కోసిగి వైపు పల్లెల్లో వానలు మొండికేస్తే ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతాయి. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. కూలీల్ని కుదిర్చే మేస్త్రీ బండి తెచ్చి మనుషుల్ని ఎక్కించుకుంటాడు. పోయిన చోట తాగడానికి నీళ్లుంటాయా, ఆడవాళ్లకు మరుగుంటుందా, ఆ మేస్త్రీ ఎలాంటివాడు, ఇవేవీ ఎక్కేవాళ్లకు తెలియవు. పోయినేడు పోయి వచ్చినవాళ్లు ఈ ఏడు పోయేవాళ్లకు చెబితే చాలు. అలా చెప్పుకోవడానికే మా యాప్.

మొదట రాసి పెట్టమన్నాం. ఎవరూ రాయలేదు. ఇంటింటికీ ఫోన్ వచ్చింది గానీ అందులో టైపు చేసే చదువు రాలేదు. ఒకరోజు కోసిగి బస్టాండులో యాప్ గురించి చెబుతుంటే ఒకామె నా ఫోన్ లాక్కుని, నోటి దగ్గర పెట్టుకుని, గడగడా మాట్లాడేసింది. రెండు రోజుల్లో కోడ్ మార్చేశాను. ఒక ఎర్ర బొత్తాం. నొక్కి మాట్లాడితే చాలు, అందరికీ వినిపిస్తుంది. పేరు అడగం, నంబరు చూపించం. పేరే లేనప్పుడు ఇంక భయమేముంది అనుకున్నాం. పల్లెలో మనిషికి గొంతే పేరని, పల్లెల్లోనే పుట్టిన మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ బొత్తాం నొక్కినవాళ్లలో నలభై దాటిన ఇంకొకామె ఉంది. వాళ్ల ఊరి చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది ఆమే. ఆమె చెప్పింది నిమిషం కూడా లేదు.

"మాతో వచ్చిన మనిషి ఒకడు జరమొచ్చి లేయలేక పండుకున్న్యాడు. మేస్త్రీ పారకట్టెతో మోకాళ్ల మీద కొట్టినాడు. చిప్ప పగిలిపాయ. మేం అడ్డం పోతే మమ్మల్నీ కొట్టినాడు. ఆ మేస్త్రీ బండి ఎక్కాకండి."

చివర్లో మేస్త్రీ ఊరూ పేరూ చెప్పింది.

మా యాప్ లింకుగా ఆ నిమిషం ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. ఆ వారం అతని బండి సగం ఖాళీగా పోయింది. మేం మిఠాయి తెప్పించుకుని తిన్నాం. మాకు పెట్టుబడి పెడతానన్న బెంగళూరు పెద్దమనిషి వీడియో కాల్‌లో చప్పట్లు కొట్టాడు.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక జనం చర్చి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు. మేస్త్రీ ముగ్గురిని వెంటేసుకుని వచ్చాడు. ఫోన్ పైకెత్తి ఆమె మాటలు వినిపించాడు.

"ఎవురిది ఈ గొంతు?" అన్నాడు.

ఎవరూ నోరెత్తలేదు. ఐదు నిమిషాల కిందటే ఆ గొంతు వెంట పాడి వచ్చినవాళ్లు వాళ్లంతా. మళ్లీ వినిపించాడు. అతని చూపు మొదట్నుంచీ ఆమె మీదే ఉందని తర్వాత పాస్టరు గారు చెప్పారు. మూడోసారి ఆమే ముందుకు వచ్చింది.

"నాదే. దాంట్లో అబద్ధం ఏమన్నా ఉండాదా?"

అతను బండిలోంచి టైరు విప్పే ఇనుప రాడ్డు తీశాడు. తలను కాచుకోవడానికి ఆమె చేయి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు మెట్ల మీదున్న వాళ్లందరికీ వినపడిందట. కింద పడ్డాక వీపు మీద, తొడల మీద కొట్టాడు. పాస్టరు గారు అడ్డం పోతే పక్కనున్న ముగ్గురూ ఆయన్ని గోడకేసి గుద్దారు. పగిలిన నుదుటి రక్తం తుడుచుకుంటూనే ఆయన యాప్‌లో ఉన్న మా నంబరుకు ఫోన్ చేశారు.

ఆమెను కర్నూలు ఆసుపత్రికి తెచ్చారు. మేం పోయేసరికి ముఖం వాచిపోయి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. ఆమె భర్త నా దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, ఆ ఫోనుది చేసింది నువ్వేనా?"

"నేనే."

చెంప మీద కొట్టాడు. రెండోసారి పిడికిలితో. పెదవి చిట్లి నోరంతా ఉప్పగా అయింది. నేను చేతులెత్తలేదు. మూడో దెబ్బకు మంచం మీంచి ఆమె "ఇంగ సాలు, ఇడిసిపెట్టు" అంది. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

నేను తిన్నగా గదికి వచ్చి లాప్‌టాప్ తెరిచాను. యాప్‌లో ఉన్న ఒక్కో గొంతూ ఒక్కో ఇంటి వైపు చూపిస్తున్న వేలులా కనిపించింది. అన్నీ ఎంచి చెరిపేశాను. నా వెనకే వచ్చిన మిత్రుడు గుమ్మంలో ఆగాడు.

"ఏం చేస్తాండావురా?"

"అన్నీ తీసేస్తాండా."

"ఆమెది?"

"ముందు దాన్నే తీసేసినా."

వాడు నా చొక్కా పట్టుకుని కుర్చీతో సహా కిందికి లాగాడు. ఆసుపత్రిలో అణచుకున్న చేతులు అప్పుడు లేచాయి. వాడి గొంతు పట్టుకున్నాను. వాడు నా పక్కటెముకల్లో మోకాలితో పొడిచాడు. నేను తోసిన తోపుకు వాడి తల బల్ల అంచుకు తగిలి కనుబొమ్మ చీలింది. చప్పుడు విని టైర్ల షాపువాళ్లు పైకి వచ్చి మమ్మల్ని విడదీశారు.

"బుద్ధుండాదా నీకు?" అన్నాడు వాడు, కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకుంటూ. "ఆమె ఊరూ పేరూ పెట్టి చెప్పిన మాట ఇంగ యాడ దొరుకుతాది? రేపు కేసు పెడితే ఏం చూపిస్తాం?"

వాడు యాప్ కోసం ఏడుస్తున్నాడనుకున్నాను. వాడు ఆలోచించింది ఆమె గురించి. నేను చెరిపింది నా భయాన్ని.

మరుసటి రోజు చెరిపేసిన సంగతి ఆమెకు చెప్పాను. ఆమె తెరుచుకున్న ఒక్క కంటితోనే నన్ను చూసింది.

"ఎవుర్ని అడిగి తీసేసినావప్పా? ఆ మాట నాది. తిన్న దెబ్బలూ నావే. మధ్యలో నువ్వెవురు?"

కనుబొమ్మకు కుట్లు వేయించుకుని నా పక్కన నిలబడ్డ మిత్రుడు "ఉండాదక్కా" అన్నాడు. అంతకుముందు వారం దాచిన బ్యాకప్‌లో రాత్రే వెతికి ఆమె మాటను దొరకబుచ్చుకున్నాడు.

కేసు రాయించాం. చిప్ప పగిలిన మనిషి కూడా కట్టె ఊతంగా వచ్చి సాక్ష్యం చెప్పాడు. మేస్త్రీని అరెస్టు చేశారు. మూడో రోజు మిట్టమధ్యాహ్నం అతని మనుషులు మా గదికి వచ్చారు. రెండు లాప్‌టాప్‌లూ నేలకేసి కొట్టారు, ఇన్వర్టర్‌ను మెట్ల మీంచి దొర్లించారు, అడ్డం వచ్చిన మిత్రుడి ముందు పళ్లు రెండు రాలగొట్టారు. పెట్టెలు పగలగొడితే మాట ఆగిపోతుందని అనుకున్నట్టున్నారు. బ్యాకప్‌లోని మాటలన్నీ ఎక్కడో దూరాన సర్వర్లో ఉన్నాయి. బెంగళూరు పెద్దమనిషి మాత్రం ఆగిపోయాడు. "మీరు నడిపేది స్టార్టప్ కాదు, ఫ్యాక్షన్" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

మేస్త్రీ బెయిలు మీద బయటికి వచ్చేలోపు యాప్ మార్చాలి. ఎవరైనా ఫోన్ చేసి చెబితే మేం రాసుకుని, కంప్యూటర్ గొంతుతో వినిపించేలా చేశాం. ముందుగా ఆమెకే వినిపించాం.

"ఎవురు ఈమె? రైల్వే స్టేషన్‌లో మాట్లాడినట్ల ఉండాది. ఈమె చెప్తే ఎవురు నమ్ముతారు?" అంది. ఫోన్ నాకు తిరిగిచ్చి, "వాళ్లు చెప్పేది కాయితం మీద రాసియ్యండి. పాటల పుస్తకం చదివినట్ల నేను చదివి చెప్తా. నా గొంతు వానికి తెలిసేపాయ కదా, ఇంగ దాచేదేముండాది" అంది.

"మళ్లీ కొడతారక్కా."

"కొడితే నన్నే కొడతాడు. ఇంగొకరిని ఎతుక్కునే పని ఉండదు."

నేను ఒప్పుకోలేదు. ఈసారి ఆమెను అడగకుండా ఏదీ తేల్చే హక్కు నాకు లేదని మిత్రుడు గుర్తుచేశాడు. నెల రోజులు వాదించుకుని ఒప్పుకున్నాను.

ఇప్పుడు మా యాప్‌లో వినిపించేవన్నీ ఆమె గొంతులోనే వినిపిస్తాయి. చెప్పింది ఎవరో తెలియదు, పలికింది ఎవరో అందరికీ తెలుసు. ఆమె ఇంటి మీద రెండుసార్లు రాళ్లు పడ్డాయి. ఒకసారి ఆమె భర్త కొడవలి పట్టుకుని ఆ రాళ్లు వచ్చిన వైపు పరుగెత్తాడు, ఎవరూ దొరకలేదు. ఆమె చేతిలో ప్లేటు వేశారు, మణికట్టు పూర్తిగా తిరగదు. మేమిద్దరం పగలు వేరే కంపెనీలకు వెబ్‌సైట్లు రాసి దీన్ని నడుపుతున్నాం.

పదిహేను రోజులకోసారి ఆమె భర్త ఆమెను బండి మీద కర్నూలుకు తెస్తాడు. ఆమె మెట్లెక్కి వచ్చి కాయితాలు తీసుకుని ఎర్ర బొత్తాం నొక్కి చదువుతుంది. అతను కింద టైర్ల షాపు ముందు కూర్చుంటాడు. నేను టీ పంపిస్తే తాగుతాడు. పైకి మాత్రం రాడు.