రెంజల్ చేనులో ఉదయపు తేమ

కేంద్ర ప్రభుత్వ నిధులతో నడిచే పెద్ద పరిశోధనలో నాకు ఉద్యోగం వచ్చిందని మా బాపు గల్లీ అంతా చెప్పుకున్నాడు. ఆ పరిశోధన పేరులో బిగ్ డేటా అన్న మాట ఉంది. నిజామాబాద్‌లో మా గల్లీవాళ్లకు డేటా అంటే ఫోన్లో వేయించుకునేదే. పక్కింటి అక్క ఒకరోజు నన్ను ఆపింది.

"పెద్ద డేటా అంటున్నరు గదా, రోజుకు ఎన్ని జీబీలొస్తయి? మాకు గూడ జర ఇప్పియ్యరాదు?"

అది వేరు, ఇది వేరు అని అరగంట వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "అంటే రాదన్నట్టు," అని లోపలికి వెళ్లిపోయింది.

నిజానికి నేను చేసే పని చిన్నదే. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి, స్కూటీ మీద బోధన్ దాటి రెంజల్ వైపు పల్లెలకు వెళ్లి, పసుపు చేలల్లో తేమ కొలిచే డబ్బాలు పాతేదాన్ని. నేలలో తడి ఎంతుందో ఆ డబ్బా కాసేపటికోసారి హైదరాబాద్‌లోని కంప్యూటర్‌కు పంపుతుంది. దేశమంతటి నుంచి వచ్చినవన్నీ కలిపి చూస్తే, ఎప్పుడు నీళ్లు పెట్టాలో రైతుకు ముందే చెప్పొచ్చని ఈ పరిశోధన నడిపే మా సర్ నమ్మకం. ఆ సంగతి రైతుకు ఎలాగూ తెలుసు కదా అని నాకు అనుమానం. జీతం తీసుకుంటున్నాను కాబట్టి పైకి అనలేదు.

వానలు వెనకబట్టాక ఒకరోజు సర్ ఫోన్ చేశారు. ఎప్పుడూ నింపాదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతులో హుషారు దాచుకోలేకపోయారు. రెంజల్ దగ్గర ఒక అవ్వ చేనులో రోజూ పొద్దున ఏడింటికి తేమ అమాంతం పెరిగి, మధ్యాహ్నానికి తగ్గిపోతోందట. చుట్టుపక్కల ఏ చేనులోనూ అలా లేదట.

"గోదావరి మీది మంచు ప్రభావం కావచ్చు. ఇంతవరకు ఎవరూ గమనించలేదు. నువ్వొకసారి వెళ్లి చూడు," అన్నారు. దాని మీద వ్యాసం మొదలుపెట్టినట్టు కూడా చెప్పారు.

మర్నాడు ఇంకా మసకగా ఉండగానే బయల్దేరాను. చలికి వేళ్లు కొంకర్లు పోయాయి. చేను చేరేసరికి ఏడు కావస్తోంది. అవ్వ అప్పటికే అక్కడుంది. చీర చెంగు నెత్తి మీద కప్పుకుని, స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చి, మా డబ్బా మొదలు దగ్గర మెల్లగా పోస్తోంది, తులసి చెట్టుకు పోసినట్టు.

"అవ్వా! ఏం జేస్తున్నవ్?"

"నీళ్లు వోస్తున్న బిడ్డా. రోజు వోస్త. ఒక్క దినం గూడ తప్పలే."

"ఎందుకవ్వా?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది. "నువ్వే అంటివి గదనే, గిది నా చేను సంగతంతా ఢిల్లీ దాక చెప్తదని. ఢిల్లీల నా చేను ఎండినట్టు కనవడితే ఇజ్జత్ పోదా?"

నాకు గుర్తొచ్చింది. డబ్బా పాతిన రోజు, ఇదేం చేస్తుందని ఆమె అడిగితే, ఇంకో రెండు ఊళ్లు తిరగాలన్న తొందరలో ఆ మాట అనేసి బండెక్కాను. గోదావరి మంచుకు కారణం నేనే.

గట్టు మీద కూర్చుని సర్‌కు ఫోన్ చేశాను. చెంబు సంగతి చెప్పాను. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"పెద్ద చెంబా, చిన్న చెంబా?" అని అడిగారు. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వగా వినడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా ఆయనే రెంజల్ వచ్చారు. ఈ చేను లెక్కలు పక్కన పెట్టేస్తున్నామని అవ్వకు మర్యాదగా చెప్పబోయారు. ఆమె ముఖం మాడిపోయింది.

"నా చేను తీసేస్తరా సారూ? పక్కోనిది ఉంచి నాది తీసేస్తరా?"

సర్ తడబడ్డారు. తీసెయ్యడం లేదని, ఇకమీదట డబ్బాకు నీళ్లు పోయకుంటే చాలని, అప్పటిదాకా వచ్చిన అంకెలు మాత్రం వాడమని ఒప్పందం కుదిరింది. పోయేముందు ఆయన, చేనుకు నీళ్లు ఎప్పుడు పెట్టాలో మీకెలా తెలుస్తుందని అడిగారు. అవ్వ వంగి గుప్పెడు మన్ను తీసి పిసికి, ఆయన చేతిలో పెట్టింది.

"ఉండ గడ్తలేదు సూడు. రేపు పెట్టాలె."

ఆయన కాసేపు ఆ మన్ను పట్టుకునే నిలబడ్డారు. పారెయ్యాలో, జేబులో వేసుకోవాలో తెలియనట్టు.

తర్వాతి నెల నిజామాబాద్‌లో క్షేత్ర సిబ్బంది సమావేశం జరిగింది. జరిగింది జరిగినట్టు చెప్పమని సర్ నన్ను నిలబెట్టారు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాను. హాలంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగాక, మెండోర వైపు డబ్బాలు చూసుకునే అన్న మెల్లగా లేచాడు.

"సర్, మా తాన ఒకాయన డబ్బా పీకి పక్కోని చేన్ల వెట్టిండు. గాడనైతే కాల్వ నీళ్లు మంచిగ వారుతయని."

వెనక నుంచి ఇంకొకరు లేచారు. వాళ్ల రైతు, ఎండకు కాలిపోతోందని డబ్బాకు పాత గొంగడి కప్పాడట. ఇంకో అక్క దగ్గరైతే బర్రె రోజూ దానికి వీపు రుద్దుకుంటోందట. అన్నాళ్లూ ఎవరికి వాళ్లు, తమ దగ్గరే ఇలా అయిందనుకుని నోరు మెదపలేదు.

సర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. జిల్లాలో ప్రతి డబ్బా దగ్గరికీ మళ్లీ వెళ్లి, రైతుతో కూర్చుని మాట్లాడి, దాన్ని ఏం చేస్తున్నారో రాసుకు రావాలని ఆర్డరు వేశారు. ఆ పనికి నన్నే పెద్దను చేసి, నా ఉద్యోగం ఇంకో ఏడాది పొడిగించారు.

ఇంటికొచ్చి ఉద్యోగం పొడిగించారని మాత్రం చెప్పాను. ఎందుకు పొడిగించారో బాపు అడగలేదు, నేనూ చెప్పలేదు. సాయంత్రానికల్లా గల్లీలో నాకు ప్రమోషన్ వచ్చిందని తెలిసిపోయింది.