కూర కొనని ఎండాకాలం

మా చిన్నబాపు పోయాడని కబురు వచ్చినప్పుడు నేను జగిత్యాలలో నా కుట్టు మిషను ముందు కూర్చుని ఉన్నాను. ఎవరి రవికెకో చేతులు అతుకుతున్నాను. ఫోన్ చేసింది దుబాయిలో చిన్నబాపుతో ఒకే రూములో ఉండే కోనరావుపేట మనిషి.

"అక్కా, జర నిమ్మళంగ ఇనుండ్రి. కాక పొద్దున డ్యూటీ బస్సు కోసం నిలవడ్డడు. గట్లనే కూలవడ్డడు. దవఖానకు కొంచవోయినం గని, గప్పటికే పానం పోయింది. చిన్నమ్మకు మీరే చెప్పుండ్రి, నాతోని కాదు" అన్నాడు.

"సరే" అన్నాను. ఏం సరేనో నాకే తెలియదు. ఫోన్ పక్కన పెట్టి, రెండో చెయ్యి కూడా అతికి, దారం తెంపి, అప్పుడు లేచి రాయికల్ బస్సు ఎక్కాను.

మీలో చాలామందికి ఇలాంటి ఫోను ఒకటి వచ్చే ఉంటుంది. మా దిక్కు ఏ వాడకు పోయినా ఇలాంటి ఇల్లొకటి ఉంటుంది. నేనేదో కొత్త దుఃఖం చెబుతున్నానని అనుకోకండి. మా చిన్నబాపు గొప్పవాడేం కాదు, పేపర్లో ఫొటో పడే మనిషి అసలే కాదు. నాకు ఇంతవరకు ఏడుపు రాలేదు. అందరూ నా ముఖం వైపు చూస్తున్నారు, ఇది రాయా మనిషా అన్నట్టు. ఏడ్వలేకనే ఇది రాస్తున్నానేమో.

చిన్నబాపు మా నాయనకు తమ్ముడు. ఆయనకూ చిన్నమ్మకూ పిల్లలు లేరు. ఆ ఇంట్లో బిడ్డంటే నేనే. మా తాత తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. చిన్నబాపు చెట్టెక్కడం నేర్వకముందే విమానం ఎక్కాడు. అక్కడ ఆయన పని వింటే మీకు నవ్వొస్తుంది. ఇసుకలో గడ్డి పెంచడం. రోడ్ల నడుమ పూల మొక్కలు పెట్టడం, నీళ్ల పైపులు సర్దడం, కంచె చెట్లను గీత గీసినట్టు కత్తిరించడం. "గక్కడ గడ్డికి గూడ పైపు ఉంటది బిడ్డా, మనిషికే నీడుండది" అనేవాడు. ఎండను మాత్రం ఎప్పుడూ తిట్టేవాడు కాదు. మేము ఉస్సురుమంటుంటే, "దాన్నెందుకు తిడ్తరే, దాని డ్యూటీ అది జేత్తాంది" అనేవాడు.

నిరుటి ఎండాకాలానికి ముందు చలికాలంలో ఆయన కంపెనీ మూతబడింది. ఇంటికొచ్చాడు. అందరూ సెంటు సీసాలు, పువ్వుల దుప్పట్లు తెస్తారు. ఈయన మూరెడు పొడుగు కత్తెర ఒకటి తెచ్చాడు. తెల్లారే ఇంటిముందు గోరింటాకు చెట్టును గుండ్రంగా, సున్నాలాగా కత్తిరించి పెట్టాడు. వాడకట్టు ఆడవాళ్లు నీళ్లకు పోతూ ఆగి మరీ నవ్వారు. "చెట్టుకు గుండు గొరిగినవేందయ్యా, దాని అత్తగారు సచ్చిందా?" అని ఒకామె. ఆయనా నవ్వాడు. "కొమ్మ లైను దాటొద్దు. దాటితే సూపర్‌వైజరు ఫొటో దీత్తడు" అన్నాడు. ఇక్కడ సూపర్‌వైజరు ఎవరూ లేరని ఆయన చేతులకు ఇంకా తెలియలేదు.

శివరాత్రికి నేను వెళ్లినప్పుడు కోరుట్ల నుంచి ఏజెంటు వచ్చి కూర్చుని ఉన్నాడు. కొత్త వీసా, గడ్డి పనే, వెంటనే పోవచ్చు. చాయ తాగి, ఆలోచించుకోండని చెప్పి లేచి వెళ్లాడు. అతను వాడ మలుపు తిరగకముందే చిన్నమ్మ బీడీల చాట పక్కకు నెట్టింది.

"నువ్వు పోకు. ఇగ నాతోని కాదు" అంది.

"పోకుంటే ఏం తిందుమే?"

"బియ్యం కంట్రోలు దుకాణంల అస్తయ్. ఉప్పూ పప్పూ నా బీడీలు ఎల్లదీస్తయ్. ఒక్క కూరలే గదా! ఇంటెనుక గంత జాగ ఉత్తగ పండవెట్టినవ్. దేశంగాని దేశంల గడ్డి వెంచినవ్, ఇంటికాడ నాలుగు బీరకాయలు కాయించలేవా?"

చిన్నబాపు నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వే సాక్షి. ఉగాది నుంచి మిరుగం దాకా ఈ ఇంట్లకు ఒక్క కూర కొనకుంట ఎల్లిందనుకో, నేను పోను. కొన్నమనుకో, పోత. మాట."

"మాటే" అంది చిన్నమ్మ.

మిరుగమంటే మృగశిర కార్తె. ఉగాది నుంచి అప్పటిదాకా మా దిక్కు నిప్పులే. నేను నవ్వాను, ఇదేం పందెమని. ఇప్పుడు అనిపిస్తుంది, అది పందెం కాదు, సాకు. దుబాయి నుంచి వచ్చిన మొగవాడు ఊరికే ఇంట్లో ఉంటానంటే వాడకట్టు ఊరుకోదు. ఏమైంది, ఎందుకు పోతలేవు, ఒంట్లో బాగలేదా అని పొడుచుకు తింటుంది. ఉండిపోవడానికి ఆయనకు ఒక కారణం కావాలి. తోట ఆ కారణం.

ఇక ఇద్దరూ నడుం బిగించారు. స్నానం చేసే జాలారు నుంచి కాలువ తీసి నీళ్లు పాదుల్లోకి మళ్లించారు. బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు వాకిట్లో గోలెంలో పోసి, సాయంత్రం చెంబుతో మొక్కమొక్కకూ పోసేవాళ్లు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపే చిన్నమ్మ తమ్ముడు చెడిపోయిన గుడ్డ తాను ఒకటి పంపిస్తే, మడుల మీద నీడకు కట్టారు. నీళ్లు పోశాక కూడా చిన్నబాపు అక్కడే నిలబడేవాడు. లోపలికి రావేమని పిలిస్తే, "నీళ్లు వోసుడు పని కాదు బిడ్డా, నిలవడుడు పని" అనేవాడు. ఏ ఆకు కింద పురుగు పెట్టింది, ఏ మొక్క తల వాల్చింది, అన్నీ ఆ నిలబడటంలోనే చూసేవాడు.

కానీ ఆ ఎండాకాలం మాకు కలిసిరాలేదు. బోరు ఎండింది. వైశాఖంలో గాలిదుమారం వచ్చి పందిరిని ఎత్తి పక్కింటి రేకుల మీద వేసింది. టమాట పూత పూతగానే రాలింది. వంకాయ చెట్లకు తెల్లదోమ పట్టింది. పుంటికూర, అదే గోంగూర, తోటకూర మాత్రం బతికాయి. నాలుగు బెండలు, పచ్చిమిరపకాయలు. ఇంట్లో పొద్దున పుంటికూర, మాపు తోటకూర, తెల్లారి మళ్లీ పుంటికూర.

మళ్లీ కట్టిన పందిరి మీద సొర తీగ మాత్రం పచ్చగా, ముచ్చటగా పాకింది. తెల్లటి పూలు విరగబూశాయి. కాయ మాత్రం ఒక్కటి లేదు. ఒకరోజు పొద్దున్నే చిన్నమ్మ పెరట్లోకి పోతే ఈయన కత్తెర పట్టుకుని పందిరి అంచు దాటిన ప్రతి పక్క తీగనూ కత్తిరిస్తూ కనిపించాడు. రోజూ అదే పని చేస్తున్నాడట. చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది.

"అయ్యో నీ పాసుగాల! పక్క తీగలు కోత్తే కాయ ఎక్కడికెల్లి అస్తది? ఆడపూత పూసేదే గండ్ల!"

చిన్నబాపు చేతిలో తీగముక్క వైపు చూశాడు. "ఇన్నేండ్లు పూలే వెంచిన. కాయ సంగతే మరిసిన" అన్నాడు. చిన్నమ్మ ఈ ముచ్చట చెప్పి చెప్పి నవ్వేది. నేనూ నవ్వాను. వాడలో ఎవరింట్లో కలిసినా ఇదే ముచ్చట. ఇప్పుడు ఆ మాట తలచుకుంటే నవ్వు రావడం లేదు, ఏడుపూ రావడం లేదు.

అయినా ఆకుకూరలతోనే జ్యేష్ఠం దాకా లాక్కొచ్చారు. మిరుగం దగ్గరపడింది. అప్పుడు సిరిసిల్ల నుంచి చిన్నమ్మ తమ్ముడు వచ్చాడు, చెప్పాపెట్టకుండా, వేములవాడలో దర్శనం చేసుకుని. ఆ రోజు సోమవారం. రాజన్న వారం, ఆయన నీసు ముట్టడు. లేకపోతే కోడిని కోసి గట్టెక్కేవాళ్లు. ఇంట్లో పుంటికూర తప్ప ఏమీ లేదు. పుట్టింటి మనిషి ముందు ఆడది మెట్టినింటి లేమిని పెట్టదు. మా దిక్కు అది ప్రాణం పోయినా జరగదు. చిన్నమ్మ వెనక దర్వాజ నుంచి పోయి, అంగడిలో వంకాయలు కొనుక్కొచ్చి, నూనె తేలేలా కూర చేసి తమ్ముడికి పెట్టింది.

చిన్నబాపు కూడా పక్కన కూర్చుని తిన్నాడు. కూర బాగుందన్నాడు. మళ్లీ వేయించుకున్నాడు. బామ్మర్దిని బస్సెక్కించి వచ్చాక, "నా ఇజ్జత్ కాపాడినవ్. మాట పోగొట్టినవ్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడట. చిన్నమ్మ ఎంత బతిమాలినా, అదొక్కటి లెక్కలోకి రాదని నేను ఎంత వాదించినా వినలేదు. "మాట మాటే బిడ్డా" అన్నాడు. వర్షాలు పడకముందే ఆ ఏజెంటు వీసా మీద మళ్లీ దుబాయి వెళ్లిపోయాడు.

ఈ ఏడు మళ్లీ అదే మాట మీద తోట చిన్నమ్మ ఒక్కతే పెట్టింది. చేతిలో ఫోన్ పట్టుకుని ఒక్కొక్క పాదు దగ్గరా వంగి వీడియోలో చూపించేది. అక్కడినుంచి ఈయన, "జర ఇటు తిప్పు, ఆకు కింద జూపియ్యి" అనేవాడు. ఎండ ఈసారీ తక్కువేం లేదు. నీళ్లూ లేవు. కానీ చిన్నమ్మ పట్టు నేను చూశాను. పక్కింటివాళ్లను అడిగి వాళ్లు గిన్నెలు కడిగిన నీళ్లు కూడా మోసుకొచ్చింది. మాడిన పాదులో మళ్లీ గింజ పెట్టింది. అది మాడితే మళ్లీ పెట్టింది. తమ్ముడు ఈసారీ వచ్చాడు. పీట వేసి, ముందు కూర్చోబెట్టి, పుంటికూర వేసింది. "గిదే ఉన్నది తమ్మీ, తిను. నాకు నా మొగడు గావాలె" అంది. ఆ మాట తమ్ముడే నాకు చెప్పాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయట. నాకు చెప్పేటప్పుడు కూడా తిరిగాయి.

మిరుగం రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్ కలిపింది.

"గెలిచిన. ఈ ఎండలన్ని ఎల్లదీసిన, ఒక్క కూర కొనలే. నీ బిడ్డనే అడుగు. ఇగ రా."

చిన్నబాపు నన్ను ఏమీ అడగలేదు. కాసేపు అటూ ఇటూ చూశాడు. ఆయన వెనక ఎవరో తువ్వాల ఆరేస్తున్నారు. "అస్త. బతుకమ్మకు ఇంటికాడుంట. ఇగ మల్ల పోను" అన్నాడు. పని మానేస్తానని కంపెనీలో రాసిచ్చాడు కూడా. వాళ్లు ఒప్పుకున్నారు. ఇదంతా శ్రావణం రాకముందు.

శ్రావణంలో, ఆ ఫోను వచ్చిన రోజు, నేను రాయికల్ బస్సు దిగి ఇంటికి పోయేసరికి చిన్నమ్మ పెరట్లో పందిరి కింద కూర్చుని బీడీలు చేస్తోంది. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. "నిన్న మాట్లాడిండు గదనే" అంది. తర్వాత నన్ను చూసి, "బువ్వ తిన్నవా?" అని అడిగింది.

శవం ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. కాగితాలు కావాలన్నారు, అక్కడ సెలవులన్నారు. మైల మాత్రం కబురు తెలిసిన రోజు నుంచి దినాలు అయ్యేదాకానని పెద్దలు అన్నారు. మైల పడ్డ ఇంటి పెరట్లోది ఎవరూ తెంపరు. ఆ ఇంటివాళ్లూ తెంపరు, ఇరుగుపొరుగూ తీసుకోరు. చిన్నమ్మ గోడకానుకుని కూర్చునేది. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "ఒక్క పూట వంకాయ కూరకు మొగన్ని దేశం తోలిననే" అంది. నీ తప్పు కాదన్నాను. వినలేదు. నాకు ఒళ్లు మండింది. ఆ ఏజెంటు మీద, ఆ సోమవారం మీద, మాట మాట అని పట్టుకు వేలాడిన మా చిన్నబాపు మీద కూడా. చచ్చిపోయిన మనిషి మీద కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

చాలా రోజులకు పెట్టె వచ్చింది. ముఖం చూపించి మూశారు. దహనమైంది. దినాలు మొదలయ్యాయి. చుట్టాలు రావడం, పోవడం. చావు ఇంటికి ఉత్త చేతులతో రాకూడదని జగిత్యాల నుంచి ఒకరు, కోరుట్ల మార్కెట్ నుంచి ఒకరు, ధర్మపురి నుంచి ఒకరు సంచుల నిండా కూరగాయలు తెచ్చారు. వంకాయలు, టమాటలు, గోకరకాయలు. అర్ర మూలన కుప్ప పడ్డాయి. పెరట్లో ఈసారి వర్షాలకు తీగలు విరగకాసి పందిరి వంగిపోయింది. తెంపేవాళ్లు లేక సొరకాయలు ముదిరి గట్టిపడ్డాయి. బీరకాయలు పీచుపట్టి పసుపురంగుకు తిరిగాయి. కొన్ని పగిలి గింజలు కింద రాలాయి.

నిన్న పొద్దున ఆడవాళ్లు వంటకు పందిరి కిందే కూర్చున్నారు, నీడ అక్కడే ఉందని. కొన్న బీరకాయలు గంపలో పోసుకుని చెక్కు తీస్తున్నారు. వాళ్ల నెత్తుల మీద, లేస్తే తగిలేంత కిందికి, మా కాయలు వేలాడుతున్నాయి. ఎవరూ తల ఎత్తలేదు. చిన్నమ్మ లోపలి నుంచి వచ్చింది. "నువ్వు కూసో వదినే, మేం జేత్తం" అంటున్నా వినిపించుకోకుండా వాళ్ల మధ్య కూర్చుంది. గంపలోంచి ఒక బీరకాయ తీసింది. చేదేమోనని కొస కొరికి చూసింది. కాసేపు నమిలింది. తర్వాత కత్తిపీట తన వైపు లాక్కుని కోయడం మొదలుపెట్టింది.