కర్పూరం మూట

పురుగంటే జయలక్ష్మికి ఒళ్ళు జలదరింపు. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ బియ్యంలో ఒక్క పురుగు కనబడితే చాలు, ఇల్లు పీకి పందిరేసేది. అలాంటి మనిషి కూతుర్ని చూద్దామని జర్మనీలోని హానోవర్ వచ్చి, కరోనాతో విమానాలు ఆగిపోయి, చివరికి పురుగులకే కాపలా కాయాల్సొచ్చింది. ఖర్మ కాకపోతే ఏమిటి!

కూతురు రుచిత యూనివర్సిటీలో కీటకాల మీద పరిశోధన చేస్తోంది. ల్యాబు మూసేస్తే, మడగాస్కర్‌లో తప్ప ఇంకెక్కడా పుట్టని ఒక జాతి చిమ్మటల గూళ్ళని వలపెట్టెలో పెట్టి ఇంటికే తెచ్చేసింది. అవి రెక్కలొచ్చి గుడ్లు పెడితేనే ఆ పిల్ల ఇన్నేళ్ళ చాకిరీ నిలబడేది.

"బయటికొచ్చాక ఏం తింటాయే?"

"ఏం తినవమ్మా. వాటికి నోరే ఉండదు. గుడ్లు పెట్టి చచ్చిపోతాయి, అంతే."

"అయ్యో పాపం!" అంది జయలక్ష్మి. ఆ పూటే వాటి మీద జాలి పుట్టింది.

ఏప్రిల్లో రుచితకి జ్వరం వచ్చింది. టెస్టుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికేలోపే ఊపిరి అందలేదు. అంబులెన్స్ ఎక్కుతూ, "రోజూ కాస్త నీళ్ళు స్ప్రే చెయ్యమ్మా. ఇంకేం చెయ్యకు," అంది.

ఇంకేం చెయ్యకుండా ఉంటే ఆవిడ జయలక్ష్మి ఎందుకవుతుంది? కర్పూరం, వాము, లవంగాలు మూటగట్టి వాసన చూస్తే ఊపిరి ఆడుతుందని అక్క వాట్సాప్‌లో పంపింది. మూటయితే కట్టింది గానీ, కూతురికి ఇద్దామంటే ఆసుపత్రిలోకి రానివ్వరు. ఆ బెంగలో ఉండగానే చిమ్మటలు గూళ్ళు చీల్చుకుని బయటికొచ్చాయి. తడి రెక్కలతో వణుకుతుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. చలేమోనని పెట్టెకి దుప్పటి కప్పింది. ఆ మూట లోపల వేలాడదీసింది. వాటిదీ ఊపిరే కదా!

మర్నాడు దుప్పటి తీస్తే అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. ఒక్క గుడ్డు లేదు.

రుచిత సగమైపోయి ఇంటికొచ్చింది. పెట్టె ముందు కూలబడి, "నావల్లేనమ్మా. జ్వరంతో వీటి పక్కనే ఉన్నాను," అంది. ఇంట్లో కర్పూరం గుప్పుమంటున్నా ఆ పిల్ల ముక్కుకి తెలియడం లేదు. నోరు మూసుకుంటే గొడవే లేకపోను. జయలక్ష్మికి చేతకాలేదు.

"నువ్వు కాదు తల్లీ, నేనే. మంచిదని కర్పూరం కట్టాను. వాటి దేశం నుంచి మళ్ళీ తెప్పించుకోవచ్చుగా?"

రుచిత చచ్చిన చిమ్మటనొకదాన్ని అరచేతిలోకి తీసుకుంది.

"ఇవి పుట్టే అడవి కిందటేడే కాలిపోయిందమ్మా. మిగిలినవి ఇవే. అడవి మళ్ళీ చిగురించాక వీటి పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ వదుల్దామనుకున్నాం."

"తిట్టవే," అంది జయలక్ష్మి. "నీకు పుణ్యముంటుంది, ఒక్క మాట తిట్టవే."

రుచిత తిట్టలేదు. దగ్గు తెర వచ్చి గోడకి ఆనుకుంది. వీపు నిమరడానికి తల్లి చెయ్యి చాపింది. అంతలోనే, ఏం చేస్తే ఏమవుతుందోనని భయమేసి, వెనక్కి తీసేసుకుంది.