ఒకటి చుక్క డెబ్బై

ముందు పోయినవి రాస్తాను. రెండు వానాకాలాలు పోయాయి. వనపర్తి నుంచి గద్వాలకు, నాగర్‌కర్నూలుకు, మండలాఫీసుకు తిరిగిన తిరుగుళ్లు ముప్పై ఒకటి. వాటిలో పని జరిగినవి నాలుగు. తహసీలు వరండాలో విడిచిన చెప్పులు ఒక జత. బస్సులో మరిచిన గొడుగు ఒకటి. దరఖాస్తులకు అంటించిన ఫొటోలు పద్దెనిమిది. మనిషి మనిషిలా పడ్డది ఒక్కటీ లేదు. పెదనాయన పెద్దకొడుకుతో మాటలు పదకొండు నెలలు. లెక్కంటే ఇతనే అని ఊళ్లో నాకున్న పేరు, పూర్తిగా. ఇన్ని పోవడానికి కారణం ఒక చుక్క.

నేను వనపర్తిలో ఒక పల్లికాయ వ్యాపారి దగ్గర పద్దులు రాస్తాను. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆ కోపంతో లెక్కలు నేర్చుకున్నవాణ్ణి. వడ్డీ, తరుగు, హమాలీ అన్నీ నోటితోనే చెప్తాను. మా పెదనాయనది ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఊరు. బొంబాయి వైపు కాలువలు తవ్వి, మట్టి మోసి, ఆ కూలి డబ్బుతో ఐదెకరాల పది గుంటలు కొన్నాడు. పిల్లలు ముగ్గురు. అందరికంటే పెద్దది అక్క, నాకంటే నాలుగేళ్లు పెద్ద. తర్వాత ఇద్దరు కొడుకులు, నాకంటే చిన్నవాళ్లు. ఒకడు వనపర్తిలో ఆటో నడుపుతాడు, రెండోవాడు హైదరాబాదులో కట్టడాల పని చూస్తాడు. ఇక్కడ పెద్దోడు, చిన్నోడు అంటాను.

అక్క భర్త వలస పోయిన చోటే చనిపోయాడు. తిరిగొచ్చి తొమ్మిదేళ్లుగా ఆ ఐదెకరాలూ అక్కే చేసింది, ముసలాయన్నీ చూసింది. భూమి ఆమె చేతిలో ఉంది, కాగితంలో లేదు. పాసుబుక్కులో పేరెక్కకపోతే తండ్రి తర్వాత అక్క మళ్లీ మేస్త్రీ వెంట మూట కట్టుకుని పోవాల్సిందే. అందుకే ఆరేళ్లు పెదనాయన వెంటపడ్డాను.

“పెద్దనాయినా, వీలునామా రాయరాదు?”

“వీలు చిక్కాలె గద బిడ్డా. గందుకే దానికి వీలునామ అని పేరు వెట్టిండ్రు.”

పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక ఆయనకు వీలు చిక్కింది. బుర్ర మాత్రం పాదరసం. “ముగ్గురికి సమానం. గుంట ఎక్కువొద్దు, గుంట తక్కువొద్దు” అన్నాడు. వనపర్తిలో రాయిస్తే ఊరంతా తెలుస్తుందని, రహస్యంగా జీపు మాట్లాడుకుని గద్వాలకు పోయాం. జీపు దిగగానే ముగ్గురు మా ఊరివాళ్లు ఎదురై, “ఏంది, వీలునామకా?” అని పలకరించారు.

అక్కడి దస్తావేజుల రాతగాడు ప్రతి మాటకూ అయిందా అన్నట్టు కన్నడంలో ఆయ్తు, ఆయ్తు అనే మనిషి. వాళ్ల అత్తగారిది రాయచూరు వైపట. నాకున్న సందేహాలన్నీ అడిగాను. స్టాంపు కాగితం ఉండాలా?

“అక్కర్లే. తెల్ల కాగితం సాలు.”

రిజిస్ట్రీ తప్పదా?

“తప్పదని లేదు. చేయిస్తె మంచిది. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పదు.”

“మరి ఈ పచ్చ స్టాంపు కాగితం ఎందుకు పెట్టినవ్?”

“తెల్ల కాగితం కోర్టు నమ్ముతదన్నా. కొడుకులు నమ్మాలంటె పచ్చది ఉండాలె. ఆయ్తు?”

పాసుబుక్కులో భూమి 5.10 అని ఉంది. రాతగాడు కాలిక్యులేటరులో దాన్ని మూడుతో భాగించాడు. 1.70 వచ్చింది. తలా 1.70 అని కొట్టాడు. పెదనాయన నా వైపు చూశాడు. నేను మూడు 1.70లు కూడి చూశాను. 5.10. మూడుతో హెచ్చించాను. 5.10. గర్వంగా తలూపి, మొదటి సాక్షిగా సంతకం పెట్టాను. కాస్త పెద్దదే పెట్టాను.

ఎకరాకు నలభై గుంటలని మా దగ్గర చనుబాలు తాగే పిల్లకూ తెలుసు. పాసుబుక్కులో చుక్కకు ఎడమన ఎకరాలు, కుడిన గుంటలు. నలభై దగ్గర ఎకరం నిండుతుంది కనుక చుక్క పక్కన డెబ్బై అనేది ఉండదు. ఐదెకరాల పదంటే రెండు వందల పది గుంటలు. తలా డెబ్బై గుంటలు, అంటే ఎకరం ముప్పై. రాయాల్సింది 1.30. ఇదంతా నాకు తెలుసు. కానీ ఆ రోజు నా కళ్లముందు ఉన్నది భూమి కాదు, కూడిక. కూడిక సరిపోయింది.

మరుసటి ఎండాకాలం పెదనాయన పోయాడు. పదో దినం అయ్యాక వాకిట్లో అందరి ముందు నేనే కాగితం చదివాను. పెద్దోడు ముక్కు చీదుకుంటూ విన్నాడు, తర్వాత వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

“ఒకటి చుక్క డెబ్బై. ఎకరం డెబ్బై గుంటలు. డెబ్బై గుంటలంటె ఎకరం ముప్పై. మొత్తం నాకు రెండెకరాల ముప్పై. నాయినకు నేనంటె గంత పానం.”

“నాకు గూడ గంతే రాసిండన్నా” అన్నాడు చిన్నోడు.

ఇద్దరివీ కలిపితే ఐదెకరాల ఇరవై. ఉన్నది ఐదెకరాల పది. ఇద్దరూ ఒకేసారి అక్క వైపు తిరిగారు.

“అక్కా, నువ్వే మాకు పది గుంటలు బాకీ వడ్తున్నవ్” అన్నాడు పెద్దోడు, బాధగా.

అది తప్పు రాత అని నేను మొత్తుకున్నాను. “తప్పయితె సాక్షి సంతకం ఎందుకు వెట్టినవే?” అన్నాడు.

చిన్నోడు హైదరాబాదులో ఎవరి నోటనో ప్రొబేట్ అనే మాట విని వచ్చాడు. వీలునామాకు ప్రొబేట్ లేకపోతే చెల్లదని, అది పెద్ద కోర్టులో దొరుకుతుందని, దానికి మూడేళ్లు పడుతుందని చెప్పాడు. మూడేళ్లూ భూమి తానే చూస్తానన్నాడు. నేను నాగర్‌కర్నూలులో ఒక వకీలును కలిశాను. ఆయన ఫైలు తెరవకుండానే నవ్వాడు.

“ప్రొబేటా? మన తావున గీ భూమికి గది అక్కర్లేదు. ఇంకేమన్న అడుగు.”

“బ్యాంకుల పెదనాయనవి కొన్ని పైసలున్నయి సార్. చిన్నోడు నామినీ. అన్నీ తనవే అంటుండు.”

“నామినీ అంటె గల్లపెట్టె తాళం పట్టుకున్నోడు. పైసలు వారసులయి. పంచాల్సిందే.”

“ఈ తప్పు కోర్టుల దిద్దించొచ్చా?”

“ఎందుకు దిద్దించరాదు? నీకు మనుమలున్నరా?”

“ఇంకా లేరు సార్.”

“ఐతె వాళ్ల పెండ్లి దాంక టైమున్నది. ఆలోచించుకో.”

చివరికి, అసలు వీలునామా రాయకపోయి ఉంటే ఏమయ్యేదని అడిగాను. వకీలు వేళ్లమీద చెప్పాడు: స్వార్జితం, భార్య ముందే పోయింది, బిడ్డకూ కొడుకులతో సమానంగా హక్కుంది, తలా డెబ్బై గుంటలు. అంటే చట్టం ఎప్పుడో సరిగ్గా రాసిపెట్టిన దాన్ని, మేము జీపు కట్టుకుని గద్వాల పోయి, తప్పుగా రాయించుకొచ్చాం.

మండలాఫీసులో కంప్యూటరు కూడా వకీలు పక్షమే వహించింది. గుమాస్తా రెండుసార్లు కొట్టి చూసి, “గుంటల గడిల డెబ్బై ఎక్కుతలేదు. ముప్పై తొమ్మిది దాటితె ఎర్రగైతుంది” అన్నాడు. ముగ్గురూ సమానంగా పంచుకుంటామని ఒప్పుకుని వేలిముద్రలు వేస్తే వారసత్వం కింద విరాసత్ చేసి పేర్లు ఎక్కిస్తామన్నాడు. ఒక్కరు వేయకపోయినా పని ఆగుతుంది.

పెద్దోడు వేలు జేబులో పెట్టుకున్నాడు. “నాయిన మాట దాటితె పాపం. కాగితం ప్రకారమే కానియ్యి. ముందుగాల పెద్దోళ్ల వంతు తియ్యాలె. మిగిలింది చిన్నోళ్లకు. గదే రివాజు.” రెండు వానాకాలాలు ఈ మాట మీదే గడిచాయి. ఆ రెండేళ్లూ అక్కకు పంట అప్పు పుట్టలేదు. రెండో యేడు ఆమె పూణే పోయే కూలీల బృందంలో పేరు రాయించుకుని వచ్చింది, నాకు చెప్పకుండా.

బయలుదేరే వారం ముందు చివరిసారి అందరం మండలాఫీసుకు చేరాం. పెద్దోడు మళ్లీ రివాజు చెప్పాడు. అప్పటిదాకా ఎప్పుడూ నోరు విప్పని అక్క కొంగు నడుముకు దోపింది.

“సరె. రివాజు ప్రకారమే పోదాం. గీ ఇంట్ల పెద్ద ఎవరు?”

“నేనే” అన్నాడు పెద్దోడు.

“నిన్ను సంకల ఏస్కొని ముక్కు తుడిసింది ఎవరురా?”

గుమాస్తా తల ఎత్తకుండానే, “ఆధార్ల అయితె ఆమెనే పెద్దగున్నది” అన్నాడు.

“మల్ల నా రెండెకరాల ముప్పై ముందుగాల కొలువుండ్రి. నాయిన నాకు గూడ ఒకటి చుక్క డెబ్బైనే రాసిండు. మిగిలింది మీరిద్దరు పంచుకోండ్రి. తమ్మి, మిగిలింది ఎంతనో జర చెప్పు.”

నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన తీసివేత లేదు. “నూరు గుంటలు. తలా యాభై. ఎకరం పది” అన్నాను.

పెద్దోడు వేళ్లు మడిచాడు. సమానంగా తీసుకుంటే డెబ్బై. తన రివాజు ప్రకారం పోతే యాభై. మళ్లీ మడిచాడు. వేళ్లు మాట మార్చలేదు.

“నాయిన ముగ్గురిని సమానంగనే చూసుకుండె” అని, అందరికంటే ముందు వేలు పెట్టాడు. మిషన్ రెండుసార్లు పట్టలేదు. చొక్కాకు తుడుచుకుని మూడోసారి పెట్టాడు.

పాసుబుక్కులు వచ్చాయి. ముగ్గురివీ 1.30. అక్క పూణే బృందంలో పేరు కొట్టేయించి, ఆ యాసంగికే తన డెబ్బై గుంటల్లో పల్లి వేసింది.

కథ అక్కడ ముగియాలి. కానీ నెలలోపే, ఎన్నడూ ఫోను చేయని పెద్దోడు ఫోను చేశాడు.

“అన్నా, వీలునామల ఒకటి డెబ్బై ఉన్నది. బుక్కుల ఒకటి ముప్పై వడ్డది. నడిమిట్ల నలభై గుంటలు ఏడ వొయినయి? ఎకరం గద అది!”

“అది లేని భూమిరా.”

“లేని భూమికి సాక్షి సంతకం ఎట్ల వెట్టినవ్?”

ఇప్పుడు పెండ్లిళ్లలో ఎదురైతే చిన్నోడు కూడా తన ఎకరం సంగతి అడుగుతున్నాడు. మొన్న పల్లికాయ తూకానికి వచ్చిన అక్క, కాంటా ముల్లు చూస్తూ, “నా ఎకరానికి తొందర లేదు తమ్మి. వీలు చూసుకొని ఇయ్యి” అని పోయింది. ముగ్గురికీ తలా నలభై, నూట ఇరవై గుంటలు. ఈసారి నలభైతోనే భాగించాను, రెండుసార్లు సరిచూశాను. నేటికి నేను ఆ ఇంటికి ఇవ్వవలసింది: 3.00.