అల్లుడి కోసం పూడ్చిన గొయ్యి

మా హాల్లో అందరూ ఆయన్ని గోతులాయన అంటారు. ఏం పని చేస్తారని ఎవరడిగినా, "నమ్మినవాళ్లకి గోతులు తవ్వుతుంటాను" అంటాడు, మొహంలో నవ్వు కనపడనివ్వకుండా. అబద్ధమేమీ కాదు. వేరే గ్రహం మీద దిగాల్సిన యంత్రాలకు నమూనాలు చేసి, దించి చూసే చోటు మాది. హాలు నిండా బూడిదరంగు మట్టి పోసి, రోలరుతో గట్టిపరిచి ఉంచుతాం. అందులో గోతులు తవ్వి, బండలు పెట్టడమే ఆయన ఉద్యోగం. క్రేనుకు వేలాడుతూ వచ్చే నమూనా తన కెమెరాతో చూసుకుని, చదునైన చోట కాళ్లు మోపాలి. లేకపోతే బోర్లా పడుతుంది. పడ్డప్పుడల్లా మేం తలలు పట్టుకుంటే, ఈయన చీపురు పట్టుకునేవాడు.

ఇంతకాలం పడ్డవన్నీ పరాయివాళ్లవి కాబట్టి ఆయనకు నిద్ర బాగానే పట్టేది. ఈసారిది అల్లుడిది. కెమెరా చూసినదాన్ని బట్టి ఎక్కడ దిగాలో తేల్చే ప్రోగ్రాం అతనే రాశాడు. ఇదీ పడితే ఆ జట్టునే ఎత్తేస్తామని డైరెక్టరు ముందే చెప్పేశాడు.

"నాన్నా, రేపు కాస్త చూసి తవ్వు" అందట కూతురు.

"చూడకుండా తవ్వితే నేనే పడతాను కదే."

"వేళాకోళం వద్దు. మా ఆయన సరిగ్గా తినడం కూడా లేదు."

ప్రపంచంలో దేన్నీ లెక్కచెయ్యని మనిషే గానీ, కూతురంటే ప్రాణం. పొద్దున్నే వచ్చి ప్లాను ప్రకారం గోతులన్నీ తవ్వాడు. తవ్వాక మధ్యలో ఉన్న పెద్దదాన్ని చూస్తే మనసొప్పలేదు. మళ్లీ మట్టి పోసి పూడ్చి, చెక్కతో పైన నున్నగా లాగాడు. రోలరు తీస్తే చప్పుడుకు అందరం వస్తామని తియ్యలేదు. మధ్యలో ఇంత చదునుంటే కళ్లు మూసుకునైనా దిగుతుందనుకున్నాడు.

నమూనా దిగడం మొదలుపెట్టింది. నిండు పాలగిన్నె మోస్తున్నంత జాగ్రత్తగా ఒక్కో గొయ్యీ తప్పించుకుంటూ వచ్చి, హాలు మొత్తంలో తనకు బాగా నచ్చిన చోట కాళ్లు మోపింది. పూడ్చిన గొయ్యి మీద. ఒక కాలు సగందాకా దిగబడింది. యంత్రం పక్కకి ఒరిగి పడిపోయింది.

"చదును నేల మీద కూడా నిలబడలేకపోతే ఇక చెప్పేదేముంది" అని డైరెక్టరు లేచాడు. అల్లుడు తలెత్తలేదు.

నోరు మూసుకుంటే గోతులాయన ఉద్యోగానికి ఢోకా లేదు. కానీ ఆయన మట్టిలోకి దిగి నిలబడ్డాడు. "అది చదును కాదండీ, గొయ్యి. అల్లుడు గట్టెక్కుతాడని నేనే పూడ్చాను."

మేమంతా నవ్వాం. ఆయన మాటలకు నవ్వడం మాకు అలవాటు. ఆయన నవ్వలేదు. వంగి ఆ మట్టిలోకి మోచేతి దాకా చెయ్యి దింపి చూపించాడు. నాకైతే ఆయన మీద కోపమొచ్చింది, జాలీ వేసింది.

డైరెక్టరు ఆయన్ని చెడామడా తిట్టాడు. మెమో ఇస్తానన్నాడు. చివరికి, బాగుచేసి మళ్లీ దించమన్నాడు.

"మామయ్యా, మీరు తవ్వినవాటిల్లో ఒక్కదాంట్లోనూ పడలేదు, చూశారా" అన్నాడు అల్లుడు, మెల్లగా.

ఇంటికెళ్లేసరికి కూతురు గుమ్మంలోనే ఉందట.

"నాన్నా, ఇప్పటిదాకా మా మేలు కోరింది చాలు. ఈసారి మా ఆయనకి మనసారా గోతులు తవ్వు."