చైనా దారం వచ్చిన ఏడాది

మొన్న టీవీలో ఏదో దేశంతో వాణిజ్య ఒప్పందం కుదిరిందనీ, సుంకాలు తగ్గి అక్కడి సరుకు ఇక చౌకగా దొరుకుతుందనీ చెబుతుంటే, మనవరాలికి జడ వేస్తున్న నా చేతులు కాసేపు ఆగిపోయాయి. పట్టుతో బతికిన ఇళ్లలో పుట్టిన నా వయసువాళ్లకు ఎందుకో చెప్పనక్కర్లేదు.

హిందూపురంలో మా నాయనకు, పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసే చిన్న షెడ్డు ఉండేది. చిలమత్తూరు వైపు నుంచి వచ్చే ఆరుగురు ఆడవాళ్లతో పాటు, బడి చాలించాక నేనూ అక్కడే కూర్చునేదాన్ని. ఆ గూళ్ల వాసన తలస్నానం చేసినా వదిలేది కాదు, అయినా మాకు అన్నం పెట్టేది అదేనని ఎవరమూ విసుక్కునేవాళ్లం కాదు. తీసిన దారమంతా ధర్మవరంలో మగ్గాలు నడిపే మా మేనమామే కొనేవాడు.

విదేశీ పట్టు మీద సుంకం తగ్గిన ఏడాది, దారం మూటతో నాయన వెంట నేనూ ధర్మవరం వెళ్లాను. మామ మా మూట విప్పలేదు. చైనా దారం కొంత తెచ్చి నాయన చేతిలో పెట్టి, తల వంచుకున్నాడు.

"బావా, ఇది మగ్గం మీద తెగేదే లేదు. నేసేవాళ్లు దీన్నే అడుగుతాండారు. ధర కూడా తక్కువే. నేనేం జేసేది?"

నాయన దాన్ని వెలుతురులో పట్టి చాలాసేపు చూసి, "బాగుండాది" అని మాత్రం అన్నాడు. అత్త ఎంత బతిమాలినా భోజనానికి ఆగలేదు. తిరుగు బస్సు పెనుకొండ దాటింది. మూట ఒళ్లో పెట్టుకుని నేను మామను లోలోపల తిట్టుకుంటుంటే, విన్నట్టే నాయన అన్నాడు: "మీ మామది తప్పేం లేదు పాపా. వానికాడ పది ఇండ్లోళ్లు నేస్తాండారు. నేనైనా దాన్నే కొందును."

ఉన్న గూళ్లు అయిపోయేదాకా పని నడిపి, తర్వాత షెడ్డు మూశాడు. ఆడవాళ్లలో ఇద్దరు బెంగళూరు పోయారు, మిగిలినవాళ్లు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరారు. ఆర్నెల్లకు మామే మా ఇంటికి వచ్చి, దారానికి పురి పెట్టే మిషన్ వేసుకోమని, పని తానిస్తానని అన్నాడు. ఏ దారం తన షెడ్డు మూయించిందో ఆ దారానికే నాయన చాలా ఏళ్లు పురి పెట్టాడు. మాకు తిండికి లోటు రాలేదు. కాని పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న వీధిలో ఆయన మళ్లీ నడవగా నేను చూడలేదు.

కళ్లు మూసుకుని, రెండు వేళ్ల మధ్య నలిపి, ఇది మన గూళ్ల దారమో బయటిదో నాయన చెప్పేసేవాడు. ఇప్పుడు పెళ్లిళ్లలో ఎవరి పట్టుచీర అంచైనా చేతికి తగిలితే నేనూ అలాగే నలిపి చూస్తాను. మెత్తగానే ఉంటుంది. ఏ ఊరి చేతులు తీసిన దారమో మాత్రం నా వేళ్లకు తెలియదు.